మీరు కళ్లారా చూసిన సెమిస్టరు, తెర మీద కనిపించిన సెమిస్టరు

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మాస్ కమ్యూనికేషన్ ఒక సబ్జెక్టుగా డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నారు. నాలుగో సెమిస్టరు పరీక్షలు అయిపోయాయి. హాస్టలు గది ఖాళీ చేసేలోగా, ఈ సెమిస్టరులో క్యాంపస్ జీవితం గురించీ మీడియా గురించీ ఏం గ్రహించారో వ్యాసం రాసివ్వమని మీ మేడమ్ చెప్పారు. రాయడానికి కూర్చుంటే ఫోను చూసిన గంటలు తప్ప మరేవీ గుర్తుకు రావడం లేదని బాధపడ్డారు. దానికి తోడు, కళాశాల ఫెస్టులో మీ గదిలోనే ఉండే స్నేహితురాలు నాట్యం చేస్తూ వేదిక మీద జారిపడిన దృశ్యాన్ని మీరే రీలుగా పెట్టారని, దాన్ని 11 వేల మందికి పైగా చూశారని, ఆ అమ్మాయి 10 రోజులు తరగతులు మానేసి ఊరికి వెళ్లిపోయిందని రాశారు. ఇకపై సోషల్ మీడియాకు దూరంగా ఉంటానన్న నిర్ణయంతో వ్యాసం ముగిస్తే బాగుంటుందా అని అడిగారు.

బాగుండదని నా అభిప్రాయం. నేను 19 ఏళ్లు తెలుగు దినపత్రికల డెస్కుల్లో పనిచేసి, 8 ఏళ్లుగా జర్నలిజం విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. సెమిస్టరు చివర్లో ఇలాంటి వ్యాసాలు ఏటా కట్టలకొద్దీ నా బల్ల మీదికి వస్తాయి. వాటిలో అధిక భాగం ఫోను మీద పశ్చాత్తాపంతో మొదలై ఫోను మీద ప్రతిజ్ఞతో ముగుస్తాయి. ఆ మధ్యలో క్యాంపస్ కనిపించదు. రాసిన విద్యార్థి ఏ హాస్టల్లో ఉన్నాడో, ఏ క్యాంటీన్‌లో టీ తాగాడో, ఎవరితో గొడవపడ్డాడో ఒక్క వాక్యమైనా ఉండదు. ఫోనులోని సెట్టింగులు తెరిస్తే ఏ యాప్ మీద ఎంత సమయం గడిపారో అంకెలతో సహా తెలుస్తుంది, దాన్ని ఒక వాక్యంలో రాసి ముందుకు వెళ్లండి. ఆ అంకె మీ సమయం ఎటు పోయిందో చెబుతుందే తప్ప, ఆ సమయంలో మీ ముందు నుంచి ఏమేం దాటిపోయాయో చెప్పదు.

మీరు చేయవలసిన పని వేరే ఉంది. ఈ సెమిస్టరులో మీ క్యాంపస్‌లో మీరు కళ్లారా చూసిన సంఘటనలు రెండు మూడు ఎంచుకోండి. అవి పత్రికలో, టీవీలో, యూట్యూబ్ చానల్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, మీ తరగతి వాట్సాప్ గ్రూపులో ఏ రూపంలో వచ్చాయో వెతికి పట్టుకోండి. చూసినదాన్నీ, వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి తేడా రాయండి. ఉక్రెయిన్ యుద్ధం గురించో, పార్లమెంటు గురించో వచ్చిన వార్తను ఇలా పోల్చి చూసే అవకాశం మీకు లేదు, ఎందుకంటే మీరు అక్కడ లేరు. కానీ మీ మెస్‌లో, మీ సెమినార్ హాలులో, మీ గేటు దగ్గర ధర్నాలో మీరున్నారు. మీడియాను పరీక్షించడానికి చేతిలో సాక్ష్యం ఉండే చోటు మనలాంటివారికి జీవితంలో చాలా తక్కువ దొరుకుతుంది. ఉద్యోగంలో చేరాక మీ ఆఫీసు లోపలి సంగతి బయట రాయడానికి సవాలక్ష అడ్డంకులు ఉంటాయి, క్యాంపస్‌లో అవి తక్కువ.

ఇది నేనెందుకింత గట్టిగా చెబుతున్నానో నా అనుభవమే ఒకటి వివరిస్తాను. 2000 తర్వాత తొలి సంవత్సరాల్లో నేను ఒక పత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటరుగా ఉన్నాను. ఆ పత్రిక పేరు ఇక్కడ అవసరం లేదు. ఒక రాత్రి 11 దాటాక ఒక పట్టణం నుంచి మా విలేకరి ఫోను చేసి, బాలికల హాస్టల్లో రాత్రి భోజనం తిన్న 60 మంది అస్వస్థతకు గురయ్యారని చెప్పాడు. ఆ పేజీ అచ్చుకు వెళ్లడానికి 20 నిమిషాలు కూడా లేదు. ఆసుపత్రికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. నేను 60 అనే అంకెనే శీర్షికలో పెట్టి పేజీ వదిలేశాను. తెల్లవారేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి తల్లిదండ్రులు జీపుల్లో, ఆటోల్లో ఆసుపత్రికి చేరారు. అక్కడ చికిత్స పొందుతున్న పిల్లలు 14 మంది. మిగిలినవారు వాళ్లను పట్టుకుని తీసుకొచ్చిన స్నేహితులు, రాత్రంతా వరండాలోనే కూర్చున్నవారు. మా విలేకరి వరండాలో కనిపించిన అందరినీ లెక్కపెట్టాడు. మధ్యాహ్నం ఒక తండ్రి మా కార్యాలయానికి వచ్చి, పత్రిక మడత విప్పి బల్ల మీద పరిచి, శీర్షికలోని అంకె మీద వేలు పెట్టి, ‘‘మా అమ్మాయి ఈ 60లో ఉందా లేదా, అది చెప్పండి చాలు’’ అని అడిగాడు. ఆయన కూతురు హాస్టల్లో క్షేమంగా ఉంది. ఆ సంగతి తెలియడానికి ఆయనకు సగం రోజు పట్టింది. మా సవరణ మూడో రోజున నాలుగు పంక్తుల్లో లోపలి పేజీలో వచ్చింది. ఆ హాస్టల్లో ఉన్న ఏ అమ్మాయిని అడిగినా అసలు లెక్క చెప్పేది, మాకు మాత్రం అడగాలని తోచలేదు. లోపల ఉన్నవారి మాటకు ఎంత విలువ ఉందో నాకు ఆ రోజు అర్థమైంది, మీ ప్రశ్న చదివినప్పుడు కూడా మొదట గుర్తొచ్చింది ఆ తండ్రే.

క్యాంపస్ వార్త పత్రికలోకి ఎలా వస్తుందో మీకు తెలిస్తే పోలిక సులభమవుతుంది. 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలను మొదలుపెట్టాక, మిగతా తెలుగు పత్రికలూ అదే బాట పట్టాక, మండలానికీ పట్టణానికీ విలేకరులు వచ్చారు, చిన్న ఊళ్ల సంగతులకు అచ్చులో చోటు దొరికింది. అది తెలుగు సమాజానికి జరిగిన మేలని నేను నమ్ముతాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకడానికి పత్రికలు చేసిన ప్రచారం కూడా ఒక కారణం. అయితే అదే జిల్లా పేజీని రోజూ నింపవలసిన విలేకరికి అనేక చోట్ల నెల జీతం లేదు, తిరగవలసిన ఊళ్లు ఎక్కువ. అందువల్ల విశ్వవిద్యాలయం నుంచి వచ్చే ప్రెస్ నోటు, దానితో పాటు అతిథి జ్యోతి వెలిగిస్తున్న ఫొటో అతనికి సిద్ధాన్నం. అదీ అచ్చవుతుంది. మీ ఫెస్టు వార్త తీసి చూడండి: ముఖ్య అతిథి పేరు, ఆచార్యుల పేర్లు, ‘అలరించిన సాంస్కృతిక కార్యక్రమాలు’ అన్న ముక్తాయింపు ఉంటాయి. వేదిక వెనుక తడి ఆరని నేల గురించి, మైకు పనిచేయక రెండు గంటలు ఆలస్యమైన సంగతి గురించి, దుస్తుల అద్దె కోసం విద్యార్థులు తలా 300 రూపాయలు వేసుకున్న సంగతి గురించి ఉండదు. ఇందులో కుట్ర ఏమీ లేదు. ఆ విషయాలు రాసి పంపేవారు ఎవరూ లేకపోవడమే కారణం.

టీవీ చూపిన క్యాంపస్‌కు ఇంకొక ఉదాహరణ చెబుతాను. 2009 నవంబరు చివర్లో తెలంగాణ ఉద్యమం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉధృతమైనప్పుడు, 1939లో ప్రారంభమైన ఆ ఆర్ట్స్ కళాశాల భవనం ఎదుట వార్తా చానళ్ల ఓబీ వ్యాన్లు (ప్రత్యక్ష ప్రసార వాహనాలు) బారులు తీరి ఉండేవి. డిసెంబరు 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ గురించి ప్రకటన చేసే వరకూ, ఆ తర్వాత కూడా చాలా రోజులు, లక్షల ఇళ్లలో జనం ఆ మెట్లనూ ఆ గులాబీ రంగు రాతి గోడలనూ గంటల తరబడి చూశారు. డ్యూటీ లేని ఒక మధ్యాహ్నం నేను అక్కడికి వెళ్లాను. కెమెరాలన్నీ మెట్ల మీద నినాదాలిస్తున్నవారి వైపు తిరిగి ఉన్నాయి. నాలుగడుగుల దూరంలో చెట్టు కింద కొందరు విద్యార్థులు పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని ఒకరినొకరు ప్రశ్నలు అడుగుకుంటున్నారు. అప్పట్లో చర్చా కార్యక్రమాల్లో ‘చదువుకునే విద్యార్థులు, ఉద్యమించే విద్యార్థులు’ అని రెండు వర్గాలుగా మాట్లాడేవారు. సాయంత్రం ర్యాలీ బయలుదేరినప్పుడు చూస్తే, చెట్టు కింది వాళ్లే పుస్తకాలు సంచిలో పెట్టుకుని రెండో వరుసలో నడుస్తున్నారు. తెర మీద వచ్చినదానిలో అబద్ధం లేదు. కానీ ఆ చెట్టు ఫ్రేములోకి రాలేదు కాబట్టి, ఆ రెండు వర్గాలూ ఒకే మనుషులన్న సంగతి ఇళ్లలో కూర్చున్నవారికి తెలియలేదు. మీ వ్యాసంలో నేను వెతికేది అలాంటి చెట్టు కోసమే.

ఇక మీ తరగతి వాట్సాప్ గ్రూపు సంగతి. పరీక్షలు వాయిదా పడ్డాయన్న సర్క్యులర్ ఒకటి వచ్చిందని, సగం మంది బస్సెక్కి ఇళ్లకు వెళ్లాక అది తప్పని తేలిందని మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. మీ వ్యాసానికి అంతకన్నా మంచి ముడిసరుకు లేదు. ఆ చిత్రాన్ని మళ్లీ తెరిచి తీరిగ్గా చూడండి. ఇలాంటివాటిలో విశ్వవిద్యాలయం ముద్ర నిజమైనదే ఉంటుంది, పరీక్షల నియంత్రణాధికారి సంతకమూ నిజమైనదే ఉంటుంది, ఎందుకంటే అది సాధారణంగా పాత సంవత్సరపు సర్క్యులరే. పై అంచు కత్తిరించి ఉంటుంది, అంటే లేఖ సంఖ్య, తేదీ ఉండే చోటే పోయి ఉంటుంది. కింద పరీక్ష పేరు చదివితే మీ సిలబస్‌కు సంబంధం లేని కోర్సు పేరు దొరకవచ్చు. దాన్ని మొదట ఎవరు గ్రూపులో పెట్టారు, ఎన్ని గంటలకు పెట్టారు, ఎవరైనా అనుమానం వ్యక్తం చేశారా, చేసినవారికి ఏ సమాధానం వచ్చింది, విశ్వవిద్యాలయం వెబ్‌సైటు చూసినవారు ఒక్కరైనా ఉన్నారా, ఇవన్నీ మీ ఫోనులో నిమిషాలతో సహా భద్రంగా ఉన్నాయి. వదంతి ఎలా నడుస్తుందో ఇంత వివరంగా చూపే సాక్ష్యం పూర్వం పరిశోధకులకు కూడా దొరికేది కాదు.

అది బస్సు చార్జీలతో, ఒక రోజు తిప్పలతో పోయింది కాబట్టి చిన్న విషయమని అనుకోకండి. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ సందేశాల వల్ల 2018లో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ అమాయకులపై మూకదాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన పోలీసులను ఊరూరా పంపి, డప్పులతో పాటలతో జనానికి నచ్చజెప్పించారు. ఫోను తెచ్చిన భయాన్ని ఎదురుగా నిలబడిన మనిషి మాట తగ్గించింది. ఆ ఏడాది జూలైలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి 5 చాట్లకు మించి పంపకుండా వాట్సాప్ పరిమితి విధించింది. మీ గ్రూపులో తప్పుడు సర్క్యులర్ నడిచిన దారీ, ఆ సందేశాలు నడిచిన దారీ ఒక్కటే: తెలిసినవారు పంపారు కాబట్టి నిజమై ఉంటుందన్న నమ్మకం.

చదివి పోల్చడంతో ఆగిపోకుండా, మీరే ఏదైనా తయారుచేయగలిగితే వచ్చే సెమిస్టరు ఇంకా బాగుంటుంది. దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. గోడపత్రికకు నాలుగు డ్రాయింగ్ షీట్లు, స్కెచ్ పెన్నులు, లైబ్రరీ ముందు కాస్త గోడ చాలు. ఉస్మానియాలో 1954లో ఏర్పడిన జర్నలిజం శాఖ దక్షిణాది తొలి శాఖల్లో ఒకటి, అక్కడ విద్యార్థులే రాసి, దిద్ది, పేజీలు కూర్చే ప్రయోగ పత్రిక ద్వారా ఎన్నో తరాలు పని నేర్చుకున్నాయి. రేడియో మీద ఆసక్తి ఉంటే ఇంకా మంచిది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత చాలా ఏళ్లకు విద్యాసంస్థలకు అనుమతులు వచ్చి, 2004లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో దేశంలోనే మొదటి క్యాంపస్ సామాజిక రేడియో (కమ్యూనిటీ రేడియో) మొదలైంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ‘బోల్ హైదరాబాద్’ 90.4 మెగాహెర్ట్జ్ మీద ఉంది. వీటి ట్రాన్స్‌మిటర్ల శక్తి తక్కువ, సుమారు 10 కిలోమీటర్ల మేర వినిపిస్తాయి. సొంతంగా వార్తలు ప్రసారం చేయడానికి వీటికి అనుమతి లేదు, ఆకాశవాణి వార్తలను మాత్రం యథాతథంగా వినిపించవచ్చు. కానీ పరీక్షల సమాచారం, పాటలు, మాటలు, స్థానిక చరిత్ర, ఇంటర్వ్యూలు ఎన్నైనా ఇవ్వవచ్చు.

మీకు వీలైతే ఒక్కరోజు సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరుకు వెళ్లి రండి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలుపెట్టిన సంఘం రేడియో అక్కడ ఉంది. దాన్ని నడుపుతున్నది పొలం పనులు చేసుకునే దళిత మహిళలు. విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి, పండగల గురించి తమ యాసలో తాము మాట్లాడుకుంటారు, పొరుగు ఊళ్లవారు వింటారు. జర్నలిజం విద్యార్థులను నేను అక్కడికి తీసుకెళ్లినప్పుడు వాళ్ల మొదటి ప్రశ్న ఎప్పుడూ ‘ఎంతమంది వింటారు’ అనే. ఆ ప్రశ్న మన ఫోనులు మనకు నేర్పినది. మాట్లాడిన మనిషి గొంతు గుర్తుపట్టి, మర్నాడు పొలం గట్టు మీద ఆపి, నువ్వు చెప్పినదానిలో ఈ ముక్క తప్పు అని చెప్పగల శ్రోతలు ఆ రేడియోకు ఉన్నారు. గోడపత్రికకు కూడా అలాంటి పాఠకులే ఉంటారు. మెస్ బిల్లు లెక్క తప్పుగా రాస్తే భోజనం బల్ల దగ్గరే నిలదీస్తారు. రాయడం నేర్చుకునేవారికి ఆ భయం అవసరం.

మెస్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సూచన. బిల్లు ఈ సెమిస్టరులో రెండుసార్లు పెరిగిందని, ఎందుకో ఎవరికీ తెలియదని రాశారు. మీది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ప్రజా సమాచార అధికారికి దరఖాస్తు ఇస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘బిల్లు ఎందుకు పెంచారు’ అని అడగకండి, ఆ ప్రశ్నకు దాటవేత జవాబు వస్తుంది. ఈ సెమిస్టరులో నెలవారీగా బియ్యం, కూరగాయలు, గ్యాస్, సిబ్బంది జీతాలకు అయిన ఖర్చు పత్రాల నకళ్లు ఇవ్వమని అడగండి. వచ్చిన కాగితాలను మెస్ సూపర్‌వైజరుకు చూపించి, ఆయన ఏమంటారో కూడా రాసుకోండి. తప్పు ఎవరిదీ కాదని తేలినా అది మంచి వార్తే.

చివరగా మీ స్నేహితురాలి విషయం. మీరు దాన్ని ప్రశ్నలో ఆఖరున పెట్టారు, కానీ మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదేనని మీ మాటల్లో తెలుస్తోంది. పైన చెప్పిన పోలికను దానికీ వర్తింపజేయండి. ఆ సాయంత్రం మీరు చూసినది: ఆమె మూడు వారాలు హాస్టలు డాబా మీద సాధన చేయడం, ఉదయం నుంచి ఏమీ తినకపోవడం, పడిన వెంటనే లేచి చివరి చరణం వరకూ ఆడి దండం పెట్టి దిగడం. ఇవన్నీ మీరే రాశారు. రీలులో ఉన్నది పడిన క్షణం, దాని మీద నవ్వు చప్పుడు. 7 సెకన్లు. అది ఎక్కడో ఒక కంపెనీ చేసిన ఎంపిక కాదు, ఎక్కడ కత్తిరించాలో మీ వేలే నిర్ణయించింది. ఆ రాత్రి నేను శీర్షికలో 60 అని పెట్టినప్పుడు కూడా నా మీద ఎవరి ఒత్తిడీ లేదు, తొందర మాత్రమే ఉంది. కాబట్టి మిమ్మల్ని దోషిగా నిలబెట్టే అర్హత నాకు లేదు. అయితే మీ వ్యాసంలో ఎడిటింగ్ గురించి, ఫ్రేము గురించి రాయదలిస్తే పుస్తకాల నుంచి నిర్వచనాలు ఎత్తిరాయనవసరం లేదు, ఉదాహరణ మీ దగ్గరే ఉంది.

కానీ రాసే ముందు ఆమెను అడగాలి. రీలు తొలగించానని రాశారు, అది సరైన పని. ఇతరులు దించుకున్న నకళ్లు ఎక్కడైనా మిగిలి ఉంటే, ఆ యాప్‌లోనే ఫిర్యాదు చేసే వీలుంది, ఒక్కొక్కటిగా వెతికి చేయండి. ఆ తర్వాత ఆమెకు ఫోనులో సందేశం పంపవద్దు. గది ఖాళీ చేసే రోజున ఆమె కూడా సామాను సర్దుకోవడానికి వస్తుందని చెప్పారు కదా, అప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పండి. వ్యాసంలో ఆ సంగతి రాయాలనుకుంటున్నానని, పేరు పెట్టనని, రాసినది ముందు తనకే చదివి వినిపిస్తానని చెప్పండి. ఆమె సరేనంటే డాబా మీది సాధన దగ్గర మొదలుపెట్టండి. వద్దంటే ఆ పేరా పూర్తిగా తీసేసి, పరీక్షల సర్క్యులర్ కథతో వ్యాసం పూర్తి చేయండి. మీ మేడమ్‌కు కారణం చెప్పనక్కరలేదు.

గడువు శుక్రవారమన్నారు, అంటే మూడు రోజులుంది. ఇవాళ సాయంత్రమే ఆ గ్రూపు తెరిచి, సర్క్యులర్ మొదట వచ్చిన నిమిషం దగ్గర నుంచి ఒక కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టండి. రాసినది పంపితే చదివి, నాకు తోచిన సవరణలు చెబుతాను.